ఉక్కపోత ఊళ్ళలో ఏసీ మరమ్మతు: ఖర్చు ఎంత, బాగు చేయించాలా, మార్చాలా?

ఏప్రిల్ రెండో వారం వచ్చేసరికి చెన్నై, యానాం, బరంపురం, ముంబై తెలుగు ఇళ్ళలో ఒకే మాట వినిపిస్తుంది: "ఏసీ ఆన్‌లోనే ఉంది, గది మాత్రం చల్లబడటం లేదు." ఫోను చేస్తే మెకానిక్ వస్తాడు. పది నిమిషాలు చూసి "గ్యాస్ అయిపోయింది" అంటాడు. మూడు వేలు తీసుకుని వెళ్తాడు. మళ్ళీ వేసవికి అదే కథ.

మా ఇంట్లో ఇలా వరుసగా మూడు వేసవులు గ్యాస్ నింపించాం. నాలుగో ఏడు వచ్చిన మనిషి సబ్బు నురగ పూసి, బయటి యూనిట్ దగ్గర రాగి గొట్టం బిగించే నట్టు నుంచి బుడగలు రావడం చూపించాడు. ఆ జాయింటు సరిచేయడానికి అయిన ఖర్చు, అంతకుముందు ఒక్కసారి గ్యాస్‌కు పెట్టినదానికంటే తక్కువ. మిగిలిన డబ్బంతా గాలిలో కలిసిపోయినట్టే. మొదటిరోజే ఏం అడగాలో తెలిసుంటే ఆ ఖర్చు తప్పేది. ఆ అడగాల్సినవన్నీ ఒకచోట చేర్చి ఇక్కడ రాస్తున్నాం.

మన ఊళ్ళన్నీ ఒక్కటి కావు

మన పాఠకుల ఊళ్ళు రెండు రకాలు. బళ్ళారి, రాయచూరు, షోలాపూర్‌లది పొడి వేడి. అక్కడ వేసవి నెలల్లో కూలరు బాగా పనిచేస్తుంది. నీరు ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది, కరెంటు ఖర్చు కూడా తక్కువ. అక్కడి వారికి ఏసీ పాడైనా నాలుగు రోజులు ఓపిక పట్టే వీలుంటుంది.

చెన్నై, యానాం, బరంపురం, గోపాలపూర్, ముంబైలది ఉక్కపోత. గాలిలో ముందే తేమ నిండి ఉంటుంది కాబట్టి కూలరు నీరు ఆవిరి కాదు, గది ఇంకా జిగటగా మారుతుంది. ఒంటి మీద చెమట కూడా అంతే, ఆరదు. చెమట ఆరకపోతే ఒంటి వేడి బయటకు పోదు. ముసలివారికి, గుండె జబ్బు ఉన్నవారికి, పసిపిల్లలకు ఉక్కపోత రాత్రులు ప్రమాదకరం కావడానికి కారణం ఇదే. ఇలాంటి ఊళ్ళలో ఏసీ గాలిని చల్లబరచడంతో పాటు గదిలోని తేమను నీరుగా మార్చి బయటకు పంపుతుంది. బాగా ఉక్కగా ఉన్న రోజున 1.5 టన్ను ఏసీ గంటకు లీటరు, రెండు లీటర్ల నీరు వదలడం మామూలే. ఆ గొట్టం నుంచి నీరు రావడం ఆగిందంటే యంత్రంలో ఏదో తేడా ఉందని అర్థం.

తీరప్రాంతంలో ఏసీలు ఎందుకు తొందరగా పోతాయి?

మొదటి కారణం ఉప్పుగాలి. బయటి యూనిట్‌లో రాగి గొట్టాల చుట్టూ పలచటి అల్యూమినియం రేకులు ఉంటాయి. ఉప్పు, తేమ చేరితే రెండు వేర్వేరు లోహాలు కలిసిన చోట తుప్పు మొదలవుతుంది. రేకులు తెల్లగా పొడిబారి చేతితో తాకితే రాలిపోతాయి. రేకులు పోతే వేడి బయటకు వెళ్ళదు, కంప్రెసర్ మీద భారం పెరుగుతుంది, కరెంటు ఎక్కువ కాలుతుంది.

రెండో కారణం లోపలి కాయిల్‌కు కనబడకుండా వచ్చే తుప్పు. కొత్త పెయింటు, ప్లైవుడ్ జిగురు, కొన్ని శుభ్రపరిచే ద్రవాల నుంచి వచ్చే ఆవిర్లు తేమతో కలిసి పలచటి ఆమ్లాలవుతాయి. అవి రాగిలో చీమల పుట్టలాంటి సన్నని దారులు తొలుస్తాయి. పైకి గొట్టం బాగానే కనిపిస్తుంది, గ్యాస్ మాత్రం నెమ్మదిగా కారిపోతుంది. కొత్త ఇంట్లో చెక్కపని చేయించిన ఏడాది రెండేళ్ళలో గ్యాస్ కారడం మొదలైతే దీన్నీ అనుమానించాలి.

మూడోది వాడకం. పొడి ఊళ్ళలో ఏసీ మూడు నెలలు నడిస్తే, చెన్నైలోనో ముంబైలోనో ఎనిమిది నెలలు నడవొచ్చు. యంత్రం వయసును ఏళ్ళతో పాటు నడిచిన గంటలతోనూ లెక్కించాలి.

గ్యాస్ గురించి తెలుసుకోవలసిన ఒకే మాట

ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. పదేళ్ళయినా తగ్గకూడదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. లీకు వెతకకుండా గ్యాస్ నింపడం, చిల్లుకుండలో నీళ్ళు పోయడంతో సమానం.

కాబట్టి గ్యాస్ నింపే పని ఈ వరుసలో జరగాలి:

1. ముందు నైట్రోజన్ ఒత్తిడి పెట్టి లేదా సబ్బు నురగతో లీకు ఎక్కడో వెతకాలి. ఈ పనికి ఆక్సిజన్ సిలిండరు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు. లోపలి నూనెతో కలిసి పేలుతుంది.
2. లీకు ఉన్న చోట వెల్డింగ్ లేదా నట్టు బిగింపు పూర్తి చేయాలి.
3. వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలిని, తేమను తీసేయాలి. ఉక్కపోత ఊళ్ళలో ఇది మరీ ముఖ్యం. లోపల మిగిలిన తేమ నూనెను పాడుచేసి కంప్రెసర్‌ను తినేస్తుంది.
4. బయటి యూనిట్ మీది ప్లేటులో రాసిన గ్యాస్ రకం, బరువు చూసి, త్రాసు మీద సిలిండరు పెట్టి నింపాలి. ఇంటి స్ప్లిట్ ఏసీలో పట్టేది సాధారణంగా ఒక కిలో అటూ ఇటూ.

వచ్చిన మనిషి దగ్గర వాక్యూమ్ పంపు, త్రాసు లేకపోతే ఆ పని ఆ రోజుకు ఆపించడమే మేలు.

గ్యాస్ రకాలు కూడా తెలిసి ఉండాలి. పాత ఏసీల్లో ఆర్-22 ఉంటుంది. అది ఓజోను పొరకు హాని చేస్తుంది కాబట్టి మాంట్రియల్ ఒప్పందం కింద మన దేశం దాని వాడకాన్ని దశలవారీగా తగ్గిస్తోంది, 2030 గడువు. ఆర్-22 యంత్రానికి పెద్ద ఖర్చు పెట్టే ముందు ఈ గడువు గుర్తుంచుకోవాలి. తర్వాత వచ్చిన ఆర్-410ఎ ఓజోనుకు హాని చేయదు గానీ వాతావరణాన్ని బాగా వేడెక్కిస్తుంది. ఇప్పటి కొత్త ఏసీల్లో ఎక్కువగా ఉండేది ఆర్-32, కొన్నిటిలో ఆర్-290, అంటే ప్రొపేన్. ఆర్-32 కొద్దిగా మండే స్వభావం కలది, ఆర్-290 బాగా మండేది. వీటి దగ్గర వెల్డింగ్ చేసే ముందు గ్యాస్ పూర్తిగా తీసేయాలి, కిటికీలు తెరవాలి, ఆ పక్కన స్టవ్వు, దీపం ఉండకూడదు. ఒక రకం గ్యాస్ యంత్రంలో మరో రకం నింపనివ్వకండి.

ఏ పనికి ఎంత?

కింది అంకెలు ఇళ్ళలో వాడే 1 నుంచి 1.5 టన్ను స్ప్లిట్ ఏసీలకు, బయటి మెకానిక్‌లు తీసుకునే సుమారు ధరలు. ఊరిని, కంపెనీని, సీజన్‌ను బట్టి పైకీ కిందకీ మారతాయి. కంపెనీ సర్వీసు కేంద్రాల్లో ఇంకా ఎక్కువ ఉండొచ్చు.

- మామూలు సర్వీసు, నీటితో కడగడం: 500 నుంచి 900 రూపాయలు
- కెపాసిటర్ మార్చడం: 500 నుంచి 1,200
- నీరు పోయే గొట్టం శుభ్రం చేయడం: 300 నుంచి 600
- లీకు సరిచేసి పూర్తి గ్యాస్ నింపడం: 2,500 నుంచి 4,500
- ఫ్యాన్ మోటారు: 2,000 నుంచి 4,500
- మామూలు ఏసీ సర్క్యూట్ బోర్డు: 2,000 నుంచి 4,000
- ఇన్వర్టర్ ఏసీ సర్క్యూట్ బోర్డు: 4,000 నుంచి 10,000
- లోపలి లేదా బయటి కాయిల్: 5,000 నుంచి 12,000
- కంప్రెసర్, గ్యాస్‌తో కలిపి: 9,000 నుంచి 20,000
- ఒకచోట విప్పి మరోచోట బిగించడం: 1,500 నుంచి 3,000, అదనపు రాగి గొట్టం వేరు

ఈ జాబితాలో కెపాసిటర్ మీద దృష్టి పెట్టండి. బయటి యూనిట్ ఫ్యాన్ తిరుగుతుంటుంది, కంప్రెసర్ మూలుగుతుంది గానీ మొదలవదు. మామూలు ఏసీల్లో ఈ లక్షణానికి కారణం చాలాసార్లు కెపాసిటరే. వెయ్యి రూపాయల లోపు పోయే పని. దీన్నే "కంప్రెసర్ పోయింది" అని చెప్పి పదిహేను వేలు అడిగిన సంఘటనలు తెలిసినవారి ఇళ్ళలో విన్నాం. కంప్రెసర్ పోయిందంటే మీటరు పెట్టి చూపించమనండి. కెపాసిటర్ మార్చి చూశారా అని అడగండి. అయితే మీరే విప్పి చూడొద్దు. కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో విద్యుత్తు నిలిచి ఉంటుంది, షాకు కొడుతుంది.

మెకానిక్‌ను పిలిచే ముందు ఇంట్లో చూసుకోవలసినవి

సగం ఫిర్యాదులు ఇక్కడే తేలిపోతాయి. ఫిల్టర్ తీసి కడగండి. వాడకం ఎక్కువున్న నెలల్లో పదిహేను రోజులకోసారి కడగాలి. రిమోట్ బ్యాటరీలు మార్చి, కూల్ మోడ్‌లోనే ఉందా చూడండి. బయటి యూనిట్ ముందు బట్టలు, అట్టపెట్టెలు, పావురాల గూడు అడ్డున్నాయేమో చూడండి. బాల్కనీకి అద్దాలు బిగించి బయటి యూనిట్‌ను అందులోనే వదిలేసిన ఇళ్ళు ముంబైలో చాలా ఉన్నాయి. యంత్రం తన వేడి గాలిని తానే పీలుస్తుంటే ఎన్నిసార్లు గ్యాస్ నింపినా గది చల్లబడదు.

లోపలి యూనిట్ నుంచి గోడ మీదకు నీరు కారితే, చాలాసార్లు నీటి గొట్టంలో నాచు అడ్డుపడి ఉంటుంది. తేమ ఊళ్ళలో ఇది ఏటా వచ్చే సమస్య. కాయిల్ మీద ఐసు కడితే ఏసీ ఆపి, ఫ్యాన్ మాత్రమే నడిపి ఐసు కరగనివ్వాలి. ఐసు కట్టడానికి మూసుకుపోయిన ఫిల్టర్ కారణం కావచ్చు, గ్యాస్ తగ్గడం కారణం కావచ్చు. ఫిల్టర్ కడిగినా మళ్ళీ కడితే అప్పుడు పిలవండి.

గది చల్లగా ఉండి కూడా జిగటగా అనిపిస్తే, గదికి మించిన టన్నుల ఏసీ పెట్టారేమో ఆలోచించండి. పెద్ద ఏసీ గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, తేమ తీసేంత సేపు నడవదు. వానాకాలంలో డ్రై మోడ్ వాడితే చలి తక్కువ, తేమ తీయడం ఎక్కువ. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెబుతుంది. 24 నుంచి 26 డిగ్రీలు పెట్టి ఫ్యాన్ కూడా వేసుకుంటే చాలామందికి సరిపోతుంది.

బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

ఇంటిల్లిపాదికీ వాదన వచ్చేది ఇక్కడే. ఒక లెక్క వేద్దాం.

తొమ్మిదేళ్ళ 1.5 టన్ను ఏసీకి కంప్రెసర్ పోయింది, 14,000 అడిగారు. అలాంటి కొత్తది బిగింపుతో కలిపి 40,000 అనుకుందాం. తేడా 26,000. స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. ఆ లెక్క 1,600 గంటల వాడకానికి వేసింది. పాతదానిపై 1,050, కొత్తదానిపై 750 అని ఉందనుకోండి. తేడా 300 యూనిట్లు. మన తీరప్రాంత ఇంట్లో ఏడాదికి 2,400 గంటలు నడిస్తే ఆ తేడా 450 యూనిట్లవుతుంది. యూనిట్ 7 రూపాయల చొప్పున ఏడాదికి 3,150 రూపాయలు మిగులుతాయి. అంటే కరెంటు ఆదా ఒక్కదానితోనే 26,000 తిరిగి రావాలంటే ఎనిమిదేళ్ళు పడుతుంది.

కాబట్టి "కొత్తది కొంటే కరెంటు బిల్లుతోనే డబ్బు వచ్చేస్తుంది" అనే దుకాణం మాటను ఉన్నదున్నట్టు నమ్మొద్దు. అలాగని పాతదానికే అతుక్కోవడమూ తప్పే. అసలు ప్రశ్న వేరు: 14,000 పెడితే ఈ యంత్రం ఇంకెన్నేళ్ళు నడుస్తుంది? కాయిల్ రేకులు గట్టిగా ఉండి, బోర్డు బాగుండి, నాలుగైదేళ్ళు నడుస్తుందనుకుంటే బాగు చేయించడమే చవక. కాయిల్ కూడా తుప్పు పట్టి ఉంటే కొత్త కంప్రెసర్ పెట్టినా వచ్చే వేసవికి కాయిల్ ఖర్చు వస్తుంది. అప్పుడు మార్చేయడమే నయం.

మేం పాటించే కొలతలు ఇవి:

- ఐదేళ్ళలోపు యంత్రమైతే దాదాపు ఎప్పుడూ బాగు చేయించడమే మంచిది. ముందు వారంటీ కార్డు చూడండి. చాలా కంపెనీలు ఇన్వర్టర్ కంప్రెసర్‌కు పదేళ్ళ దాకా వారంటీ ఇస్తాయి. గ్యాస్, కూలీ ఖర్చు అందులో కలవకపోవచ్చు.
- ఎనిమిదేళ్ళు దాటి, మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో సగానికి చేరితే మార్చండి.
- ఆర్-22 గ్యాస్ యంత్రానికి కాయిల్, కంప్రెసర్ వంటి పెద్ద పనులు చేయించొద్దు.
- ఒకే చోట రెండుసార్లు లీకు వస్తే ఆ భాగాన్ని మార్చాలి, అతుకు మీద అతుకు వేయించొద్దు.

కొత్తది కొనేటప్పుడు 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గిందన్న సంగతి గుర్తుంచుకుని బిల్లు చూడండి. స్టార్ కొలతలు కొన్నేళ్ళకోసారి కఠినమవుతాయి కాబట్టి లేబుల్ మీద ఏ కాలానికి చెల్లుతుందో చదవండి. పాత 5 స్టార్, ఇప్పటి 5 స్టార్ సమానం కావు. సముద్రానికి దగ్గరైతే రాగి కాయిల్, తుప్పు నిరోధక పూత ఉన్నదే అడగండి. పాతది పడేసేటప్పుడు రోడ్డు మీది పాతసామాను బండికి ఇచ్చేస్తే గొట్టం కోసి గ్యాస్‌ను గాలిలోకి వదిలేస్తారు. ఈ-వ్యర్థాల నిబంధనల కింద పాత యంత్రాల రీసైక్లింగ్ బాధ్యత తయారీ కంపెనీలదే. కొన్న దుకాణంలో ఎక్స్ఛేంజీ గురించి అడగండి.

తుఫాను, వరద తర్వాత

2013లో గోపాలపూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్, 2023 డిసెంబరులో చెన్నైని ముంచిన మిచాంగ్ మన ఇళ్ళు మరచిపోలేదు. బయటి యూనిట్ నీటిలో మునిగితే, నీరు తీసిన వెంటనే ఆన్ చేయొద్దు. మెయిన్ స్విచ్ ఆపి, ఎలక్ట్రీషియన్‌తో బోర్డు, వైర్లు ఆరబెట్టించి, ఎర్తింగ్ పరీక్షించాకే కరెంటు ఇవ్వాలి. తుఫాను హెచ్చరిక రాగానే ఏసీ స్విచ్చి ఆపేయండి, గోడ స్టాండు బోల్టులు తుప్పు పట్టాయేమో ఏటా ఒకసారి చూపించండి. పై అంతస్తు నుంచి బయటి యూనిట్ ఊడిపడితే కింద నడిచేవారి ప్రాణాలు పోతాయి. బయట వేలాడుతూ పనిచేసే కుర్రవాడి నడుముకు సేఫ్టీ బెల్టు ఉందా అని అడగడం మన బాధ్యత కూడా.

ఏసీకి విడి వైరు, విడి ఎంసీబీ ఉండాలి. పాత ఇళ్ళలో, ముఖ్యంగా మన తాతల నాటి ఇళ్ళలో, ఫ్యాను లైట్ల వైరు మీదే ఏసీ తగిలించడం అగ్నిప్రమాదానికి దారి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఏసీ నడపొద్దు.

అద్దె ఇల్లయితే

ఇంటివారు ఇచ్చిన ఏసీ అయితే మరమ్మతు ఎవరిదో ఒప్పందంలో ఒక్క వాక్యం రాయించుకోండి. ఫిల్టర్, సర్వీసు అద్దెకున్నవారిది, కంప్రెసర్, కాయిల్, బోర్డు ఇంటివారిది అన్న పద్ధతి ఇద్దరికీ న్యాయంగా ఉంటుంది. ఇల్లు చేరినరోజే ఏసీ నడిపి ఒక ఫోటో, వీడియో తీసి ఇంటివారికి పంపండి.

మోసపోయామనిపిస్తే

మరమ్మతు ముందే ధర కాగితం మీదో, ఫోను సందేశంలోనో రాయించుకోండి. తీసేసిన పాత భాగాన్ని అడిగి తీసుకోండి. బిల్లులో మార్చిన భాగం, గ్యాస్ బరువు, ఎన్నాళ్ళ హామీ అన్నవి ఉండాలి. బిల్లు లేకపోతే తర్వాత వాదనకు ఆధారం ఉండదు.

కంపెనీ గానీ, సర్వీసు కేంద్రం గానీ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. అక్కడ 17 భాషల్లో ఫిర్యాదు తీసుకుంటారు, అందులో తెలుగు ఒకటి. బరంపురంలో ఉన్నా, భివండీలో ఉన్నా మన భాషలో చెప్పుకోవచ్చన్న సంగతి మన పెద్దవారిలో చాలామందికి తెలియదు. ఇంట్లో అమ్మమ్మలకు, తాతయ్యలకు ఈ నంబరు రాసి ఫ్రిజ్ మీద అతికించండి.

అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్ ఉంది. మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఉన్న ఊరికి వెళ్ళనక్కరలేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే ఫీజు లేదు. సంఘటన జరిగిన రెండేళ్ళ లోపు వేయాలి.

ఏడాది పట్టిక

ఫిబ్రవరిలో ఒక సర్వీసు చేయించండి. అప్పటికి మెకానిక్‌లకు రద్దీ ఉండదు, తీరిగ్గా చూస్తారు. ఏప్రిల్, మే నెలల్లో పిలిస్తే రోజుకు పది ఇళ్ళు తిరిగే మనిషి మీ లీకు వెతుకుతూ కూర్చోడు. వాడకం ఎక్కువున్న నెలల్లో పదిహేను రోజులకు ఫిల్టర్, వానాకాలం ముందు నీటి గొట్టం, వానాకాలం తర్వాత రెండో సర్వీసు. సముద్రానికి దగ్గరగా ఉన్నవారు నెలకోసారి ఏసీ ఆపేసి, బయటి యూనిట్ రేకుల మీద మంచినీటిని మెల్లగా పోయించి ఉప్పు కడిగించాలి. గట్టి ప్రెషరుతో కొడితే రేకులు వంగిపోతాయి.

ప్రతి మరమ్మతు తేదీ, ఖర్చు, చేసిన పని ఒక చిన్న పుస్తకంలో రాసి పెట్టుకోండి. "పోయిన ఏడాది మార్చిలో గ్యాస్ నింపారు, మళ్ళీ ఎందుకు తగ్గింది?" అని తేదీతో అడిగితే వచ్చినవారికి లీకు వెతకక తప్పదు.